తల చదును, తోక పొట్టి

ఆ రోజు పొద్దున్న పిట్టలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో ఎవరికీ మెలకువ రాకుండా లేవాలి, పెరట్లో కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ ఆఫీసు పెద్దసారుతో ఫోన్లో ఒక్కసారి మాట్లాడాలి, సైకిలెక్కి ఊరి చివర మైదానానికి పోవాలి. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. వంకంతా కుళాయికి ఎదురుగా వంటింటి కిటికీ ఉండటంలో ఉంది. ఆ కిటికీ వెనకాల ఆయన తల్లి ఉండటంలో ఉంది.

పిట్టలాయన అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. వన్యప్రాణుల ఆఫీసులో పక్షులను వెతికి, గుర్తుపట్టి, ఏ జాతి ఎక్కడ మిగిలిందో చెప్పడం ఆయన ఉద్యోగం. ఇంట్లో మాత్రం చిన్నోడు. నెత్తిమీద జుట్టు పల్చబడిపోతున్నా చిన్నోడే, ఎందుకంటే ఇంకా పెళ్ళి కాలేదు. పెళ్ళి మాట ఎత్తితే చాలు, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని మాయమైపోతాడు. వాళ్ళమ్మ ఆ బైనాక్యులర్స్‌ని సవతిని చూసినట్టు చూస్తుంది.

ఇక మైదానం సంగతి. ఒకప్పుడు అక్కడ చిన్న విమానాలు దిగేవి. అవి రావడం మానేశాక గడ్డి మొలిచింది, మోకాలెత్తు పెరిగింది, ఎవరూ కోయలేదు. అలా వదిలేసిన గడ్డిలో తప్ప ఇంకెక్కడా బతకలేని పిట్ట ఒకటి ఉంది. దాని పేరు గడ్డి పిచ్చుక. మన కిటికీలో గూడు పెట్టి, అద్దంలో తన మొహాన్నే పొడుచుకునే పిచ్చుక కాదు ఇది. ఇది మనుషులంటే భయపడే రకం. ఉన్న గడ్డినేలలన్నీ ఇళ్ళూ గిడ్డంగులూ అయిపోయాక దాని జాతే అంతరించిపోయే స్థితికి వచ్చింది. మిగిలిన ఈ మైదానాన్ని కూడా లారీల యార్డు చేయడానికి ఒక కాంట్రాక్టరు బుల్డోజరు తెచ్చి గేటు దగ్గర నిలబెట్టాడు.

పై ఆఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ తనిఖీకి వస్తోంది. ఆవిడ మధ్యాహ్నంలోపు ఆ పిచ్చుకను తన కళ్ళతో చూస్తే మైదానం మిగులుతుంది. చూడకపోతే బుల్డోజరు కదులుతుంది. ఫోటోలు చెల్లవు. ఎక్కడో తీసిన పిట్ట ఫోటో చూపించి మరెక్కడో పని ఆపించిన ఘనులు ఇదివరకు ఉండటం వల్ల, ఆవిడ కాగితం మీది పిట్టలను నమ్మడం మానేసింది.

అదీ సంగతి. పిట్టలాయనకు రాత్రి నిద్ర లేదు. ముందురోజు సాయంత్రమే ఆయన గూడు చూశాడు.

ఇక్కడ మన భాష గురించి ఒక్క మాట చెప్పాలి. మగవాడు వస్తే 'వచ్చాడు' అంటాం. ఆడమనిషి వచ్చినా, పిట్ట వచ్చినా, కరెంటు వచ్చినా 'వచ్చింది' అనే అంటాం. ఎవరు పెట్టారో ఈ ఏర్పాటు, వాళ్ళకు పెళ్ళి కాని కొడుకు ఉండి ఉండడు. దీనికితోడు ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. అరుదైన పిట్ట పై అధికారుల కంట్లో పడి ఖాయమయ్యేదాకా దాని పేరు నోటితో పలకకూడదు. పలికితే కనబడదట. చదువుకున్నవాళ్ళే, అయినా నమ్ముతారు.

అందుకని కుళాయి చప్పుడులోంచి వంటింటి కిటికీకి చేరిన మాటలు ఇవి:

"దొరికిందండీ. ఇన్నాళ్ళకి దొరికింది. నిన్న సాయంత్రం కళ్ళారా చూశాను. అదే, అనుమానం లేదు."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మైదానంలోనే. పిల్లల తల్లి కూడానండీ."

'పిల్లలున్నాయి' అని ఉంటే కథ అక్కడే అయిపోయేది. పిల్లలు 'ఉన్నాయి' అంటే మనుషుల పిల్లలు కారని ఏ తల్లికైనా తెలుస్తుంది. ఆయన అలా అనలేదు. అటువైపు పెద్దసారు, ఆఫీసరమ్మకు గుర్తులు ఎలా వివరిస్తావో ఒకసారి చెప్పి చూపించమన్నాడు. పిట్టలాయన మొదలుపెట్టాడు.

"తల కాస్త చదునుగా ఉంటుంది. నెత్తిమీద సరిగ్గా మధ్యలో పాపిడి తీసినట్టు గీత. మెడ ఉందా లేదా అన్నట్టుంటుంది. గోధుమరంగు. కంటికి ముందు పసుపు మచ్చ, దగ్గరికెళ్తే గానీ తెలియదు. తోక పొట్టి. మనిషి అలికిడైతే గడ్డిలోకి దూరి ఒంగుని పరిగెడుతుంది. గొంతు ఏమంత బాగుండదు, ఎక్కిళ్ళు వచ్చినట్టు ఒక్క కూత, అంతే. ఇవాళ మధ్యాహ్నం దాటితే బుల్డోజరు లోపలికి తీసుకొచ్చేస్తారు. దాని గతి ఏమవుతుందో తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదండీ."

'తోక పొట్టి' అన్న మాట కుళాయి నీళ్ళలో తడిసి 'తను పొట్టి' అయి వంటింట్లోకి వచ్చింది. మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. కొడుకు సైకిలు గేటు దాటేలోపు అమ్మ పొయ్యి కట్టేసి, ఫోను తీసి, పక్కవీధిలో ఉన్న కూతురికి కలిపింది.

"నీ తమ్ముడికి పిల్ల దొరికిందే."

"నిజంగానా? ఎవరమ్మా?"

"ఏమో. పొట్టిదట, మెడ లేదట. 'అది' అంటున్నాడు, అంత చనువు. ఎక్కువ మాట్లాడదట, ఒక్క మాటంతే." అమ్మ గొంతు తగ్గించింది. "పిల్లల తల్లట."

అక్క అడగాల్సింది అడిగింది. "మరి మొగుడు?"

"అదే చెప్పలేదు. మనిషి అలికిడైతే గడ్డిలోకి దూరి పరిగెడుతుందట. మధ్యాహ్నం దాటితే ఎవరో బుల్డోజరు వేసుకుని వస్తారట. చిన్నోడికి అన్నం దిగడం లేదట."

"అమ్మా, ఇది పెళ్ళి సంగతి కాదే. ఆ మనిషి ఎవరికో భయపడి పిల్లల్ని తీసుకుని పారిపోయొచ్చింది. వీడు దాచిపెట్టాడు."

అమ్మ కుర్చీలో కూలబడింది. నిజం చెప్పాలంటే ఆవిడ కోరుకున్న కోడలు ఈ వర్ణనకు దరిదాపుల్లో కూడా లేదు. కానీ కొడుకు గొంతులో ఆ వణుకు ఆవిడ ఎప్పుడూ వినలేదు. వాడు ఒంటరిగా ముసలివాడైపోతాడన్న దిగులు ఆవిడను చాలా కాలంగా తినేస్తోంది. "పిల్లలుంటే ఏంటే," అంది చివరికి. "మనింట్లో చోటు లేదా. వాడికి ఒక మనిషి తోడుంటే నాకదే చాలు. మీ ఆయన్ని కారు తీయమను."

బావది డ్రైవింగ్ స్కూలు, పొద్దుటి పాఠాలయ్యేదాకా కారు ఖాళీ కాలేదు. ఏళ్ళ తరబడి పక్క సీట్లో కూర్చుని నేర్పిస్తూ ఉండటం వల్ల, తనే నడపాల్సి వచ్చినప్పుడు కూడా పాఠం చెప్పుకుంటూ నడుపుతాడు. "అద్దం చూడాలి, హారన్ కొట్టాలి, మళ్ళీ అద్దం చూడాలి, మళ్ళీ హారన్ కొట్టాలి" అని పైకి చెప్పి, అన్నీ చేస్తాడు. దారిలో మామయ్యను ఎక్కించుకున్నారు. అమ్మకు తమ్ముడైన ఈ మామయ్య రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన రహస్యం చెబితే రెండు ప్లాట్‌ఫారాలకు వినిపిస్తుంది. విషయం విని ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"అంటే ఆ మొగుడెవడో రౌడీ అన్నమాట. ఆడకూతురిని గడ్డిలో పడుకోబెడతాడా? వాడి అంతు చూస్తాను."

"మొగుడు రౌడీ అని మేం చెప్పలేదు మామయ్యా," అంది అక్క.

"మామూలు మొగుడు బుల్డోజరు తెస్తాడా?"

అక్కడి నుంచి మొగుడు రౌడీ అని ఖాయమైపోయింది. వీధి మలుపు తిరిగేసరికి అతనికి రెండు హత్య కేసులు కూడా తోడయ్యాయి. అక్క ఒక దుప్పటి, ఫ్లాస్కులో వేడి పాలు, బిస్కెట్లు, తన పిల్లలకు పొట్టైపోయిన చొక్కాల మూట వెంట తెచ్చింది. చొక్కాలు సరిపోతాయో లేదోనని దారంతా ఆలోచిస్తూనే ఉంది.

అక్కడ మైదానంలో పిట్టలాయన బోర్లా పడుకుని ఉన్నాడు. ఆయన పక్కన, జానెడు ఎడంగా, ఆఫీసరమ్మ కూడా బోర్లా పడుకుని ఉంది. ఆవిడ బొద్దుగా, పొట్టిగా ఉంటుంది. గడ్డి దురదకు మఫ్లరు చెవులదాకా చుట్టుకుని, గోధుమరంగు కోటు వేసుకుని, టోపీని కిందికి నొక్కి పెట్టుకుంది. వెనకాల కాంట్రాక్టరు గొడుగు వేసుకుని నిలబడ్డాడు. అతను రానక్కర్లేదు, కానీ పిట్ట లేదని ఆఫీసరమ్మ అనగానే ఆ మాట తన చెవులతో వినాలని వచ్చాడు.

"అదిగో, అక్కడ," అని ఆఫీసరమ్మ గుసగుసగా అంది.

"కాదండీ. అది మామూలు పిచ్చుక. గొంతు కింద నలుపు చూడండి, గడ్డం పెంచినట్టు. మనదానికి నలుపుండదు. గొంతూ ఛాతీ లేత గోధుమరంగులో, గీతల్లేకుండా శుభ్రంగా ఉంటాయి."

"మరి ఆ పైకి ఎగిరి పాడేది?"

"దానికి నెత్తిన కుచ్చు ఉందండీ. మనది అంత ఎత్తు ఎగరదు. తప్పదనుకుంటే గడ్డి మీదుగా కాస్త దూరం ఎగిరి, దబ్బున పడి, మళ్ళీ పరుగే. మనదాని తల చదును, తోక పొట్టి."

"తల చదును, తోక పొట్టి," అన్నాడు కాంట్రాక్టరు వెనకనుంచి వెటకారంగా. "పొద్దుట్నుంచీ అదే పాట. ఆ పాట మీరు పాడుతున్నారు గానీ పిట్ట పాడటం లేదు."

పిట్టలాయన తల తిప్పలేదు. మూడోసారి ఏదో కదిలినప్పుడు ఆఫీసరమ్మ మళ్ళీ చెయ్యి చూపించింది.

"అది కాదండీ," అని ముందుగా అన్నది కాంట్రాక్టరు. "దానికి గొంతు కింద నలుపుంది కదా." అనేసి, తనెందుకన్నాడో తనకే తెలియక గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

ఎండెక్కింది. ఆఫీసరమ్మ వాచీ చూసుకుంది. ఆవిడ మంచి మనిషే, కానీ చూడనిది చూశానని రాయదు. ఆ సంగతి పిట్టలాయనకు తెలుసు, తెలిసినందుకే భయం. సరిగ్గా అప్పుడు గూడున్న దుబ్బు వైపు నుంచి ఎక్కిళ్ళలాంటి చిన్న కూత వినబడింది. ఆఫీసరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. పిట్టలాయన ఊపిరి బిగబట్టి, చూపుడువేలు మెల్లగా లేపాడు.

గేటు దగ్గర హారన్ మోగింది. అద్దం చూడటానికి కావలసినంత సేపు ఆగి, మళ్ళీ మోగింది.

కూత ఆగిపోయింది. కారు తలుపులు ధడేల్మన్నాయి. "భయపడకమ్మా, మేమొచ్చేశాం," అన్న మామయ్య గొంతు మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళి, గిడ్డంగి గోడకు తగిలి వెనక్కి వచ్చింది.

పిట్టలాయన నేలకు ముఖం ఆన్చేశాడు. ఆయనకు లేవాలనిపించలేదు. అమ్మకు మాత్రం దూరం నుంచి కనబడిందల్లా ఒకటే. గడ్డిలో తన కొడుకు, కొడుకు పక్కన ఒక ఆడమనిషి.

"అదేనే," అంది అమ్మ.

"ఉండమ్మా, గుర్తులు చూడనీ." అక్కకు పద్ధతి కావాలి. కార్లో అమ్మ అప్పజెప్పిన గుర్తులన్నీ, దగ్గరికి నడుస్తూ మెల్లగా ఒక్కొక్కటే సరిచూసింది. "తల చదును. మెడ లేదు. గోధుమరంగు. పొట్టి." ఈ అలికిడికి ఆఫీసరమ్మ గబుక్కున లేచి కూర్చుంది, టోపీ జారిపోయింది. "పాపిడి మధ్యలో," అంది అక్క. పొద్దుట్నుంచీ గడ్డిపూలలో మొహం పెట్టడం వల్ల ఆఫీసరమ్మ కంటి పక్కన పుప్పొడి అంటుకుని ఉంది. "పసుపు మచ్చ," అంది అక్క, నీరసంగా. ఆఫీసరమ్మ ఏదో అడగబోయింది. అదిరిపడటం వల్ల నోట్లోంచి మాటకు బదులు పెద్ద ఎక్కిలి వచ్చింది.

అక్క ఇక వెతకలేదు. దుప్పటి విప్పి ఆవిడ భుజాల చుట్టూ కప్పేసింది.

"మీరెవరండీ?" అంది ఆఫీసరమ్మ, ఎక్కిలికీ ఎక్కిలికీ మధ్యలో.

"వీడి అమ్మని తల్లీ. నువ్వేం చెప్పనక్కర్లేదు, నాకంతా తెలుసు. ముందు ఈ పాలు తాగు. పిల్లలెక్కడ?"

"పిల్లలా? ఇంట్లో ఉన్నారు."

"ఇంట్లోనా? ఎవరి దగ్గర?"

"మా ఆయన దగ్గర."

అమ్మ ఫ్లాస్కు మూత తిప్పడం ఆపేసింది. "ఆ రాక్షసుడి దగ్గర పిల్లల్ని వదిలేసి నువ్వొక్కదానివే వచ్చేశావా?"

"ఆయన రాక్షసుడేంటండీ," అంది ఆఫీసరమ్మ. "సెలవు పెట్టి మరీ చూసుకుంటున్నాడు." మళ్ళీ ఎక్కిలి.

ఈలోగా మామయ్యకు గొడుగు కింద కాంట్రాక్టరు కనబడ్డాడు. చొక్కా చేతులు పైకి లాక్కుంటూ అతని మీదికి నడిచాడు.

"ఆ బుల్డోజరు నీదేనా?"

"నాదే."

"సిగ్గు లేదూ? ఒక తల్లినీ పిల్లల్నీ నిలువ నీడ లేకుండా చేస్తావా?"

కాంట్రాక్టరుకు ఈ మాట కొత్త కాదు. పక్షుల ప్రేమికులు వారం నుంచీ అతనికి ఇదే చెబుతున్నారు. విసుగ్గా, "నాకు పర్మిషన్ ఉందండీ," అన్నాడు.

"పర్మిషనా?" మామయ్య నోరు వెళ్ళబెట్టాడు. "దీనికి కూడా పర్మిషన్ ఇస్తున్నారా? ఎవరిచ్చారు?"

"మునిసిపాలిటీ. అయినా అది ఇక్కడే ఉండాలని ఏముంది? ఇంకోచోటికి పోయి బతకొచ్చు. లోకంలో గడ్డే లేదా?"

"గడ్డి తిని బతకమంటావురా దాన్ని?"

"అది తినేదే అదండీ. గడ్డిగింజలూ, పురుగులూ."

మామయ్య జీవితంలో మొదటిసారి మాట రాక నిలబడిపోయాడు. కారు పక్కనుంచి బావ, "పురుగులు కూడా పెడుతున్నాడా?" అన్నాడు. మామయ్యకు మాట తిరిగొచ్చింది, చెయ్యి కూడా లేచింది. కాంట్రాక్టరు గొడుగు అడ్డం పెట్టుకున్నాడు. గొడుగు తిరగబడింది. ఇద్దరూ ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు గానీ, ఆ తర్వాత ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు.

"మామయ్యా, వదిలెయ్."

పిట్టలాయన లేచి నిలబడ్డాడు. గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేదేమో అని అమ్మకు తర్వాత అనిపించింది.

"పిల్లల తల్లి అంటే పిట్ట, అమ్మా. పిచ్చుక. పొద్దున నేను ఫోన్లో చెప్పింది పిచ్చుక గురించి. ఈవిడ పై ఆఫీసు నుంచి వచ్చిన ఆఫీసరు. ఈవిడ దాన్ని చూస్తే ఈ నేల మిగిలేది. ఇప్పుడిప్పుడే గొంతు వినబడింది. ఇంకాస్త ఆగితే బయటికి వచ్చేది. మీరొచ్చారు."

ఆఫీసరమ్మ భుజాల మీంచి అక్క దుప్పటి తీసి, మళ్ళీ ఏం చేయాలో తోచక సగం కప్పింది. మామయ్య కాంట్రాక్టరు కాలరు వదిలి, నలిగిన చోట చేత్తో సాపు చేశాడు.

"పిట్టకు పాపిడేంటిరా," అంది అమ్మ, ఏడుపుగొంతుతో. "నువ్వంత ఇదిగా చెబుతుంటే మనిషనుకున్నాను. పిల్లలున్నా సరే తెచ్చుకుందాం అనుకున్నాను. అందరం సర్దుకుని వచ్చాం."

అప్పుడు పిట్టలాయన ఆవిడ చేతిలో ఫ్లాస్కు చూశాడు, చొక్కాల మూట చూశాడు. మెడ లేని, ఎక్కిళ్ళ జబ్బున్న, రౌడీ మొగుడున్న ఒక అజ్ఞాత స్త్రీని తనకోసం ఇంటికి తీసుకుపోదామని వీళ్ళు పనులన్నీ మానుకుని పరిగెత్తుకొచ్చారు. ఆయనకు కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. అదింకా బాధగా ఉంది.

కాంట్రాక్టరు తిరగబడ్డ గొడుగును సరిచేసుకుంటూ గొంతు సవరించుకున్నాడు. "మరి అయిపోయినట్టే కదండీ. మా డ్రైవరు ఎదురుచూస్తున్నాడు."

ఆఫీసరమ్మ వాచీ చూసుకుంది. పిట్టలాయన వైపు చూసి, "గొంతు విన్నాను," అంది. "కానీ చూడలేదు. చూడలేదనే రాయాలి నేను. ఏమీ అనుకోకండి."

"అనుకోనండీ," అన్నాడు ఆయన.

అందరూ గేటు వైపు కదిలారు. బావ మాత్రం వచ్చిన దారిన కాకుండా దగ్గరి దారని అడ్డంగా గడ్డిలోంచి నడిచాడు. "బావా, అటు వద్దు," అని పిట్టలాయన కేక వేసేలోపే అతని బూటు ఒక దుబ్బు పక్కన పడింది. దుబ్బులోంచి గోధుమరంగులో ఏదో దూసుకొచ్చి, నేలబారున ఒంగి, ఒక రెక్క ఈడ్చుకుంటూ, సరాసరి కాంట్రాక్టరు కాళ్ళ ముందు నుంచి పరిగెత్తింది.

"ఎలక," అన్నాడు బావ.

"ఎలకేంటండీ, ఎలక్కి పాపిడి ఉంటుందా?" అన్నాడు కాంట్రాక్టరు. అతని గొంతు మారిపోయింది. గొడుగు కింద పడేసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "చూడండి, తల చదును. తోక పొట్టి. కంటి ముందు పసుపు, అదిగో. గొంతు కింద నలుపు లేదు, ఛాతీ మీద గీతల్లేవు. అదేనండీ, అదే. మేడమ్, మీ ఎడంపక్క, ఆ పుల్ల దగ్గర. కదలకండి, కదిలితే పోతుంది. అయ్యో, రెక్క విరిగినట్టుంది పాపం."

"విరగలేదు," అన్నాడు పిట్టలాయన, ఊపిరి ఆడక. "నటిస్తోంది. మనల్ని గూటి నుంచి దూరంగా లాక్కెళ్తోంది."

పిచ్చుక పుల్ల మీదికి ఎక్కింది. దాని ముక్కులో ఒక పచ్చటి పురుగు ఉంది. చుట్టూ ఇంతమంది రాక్షసులు నిలబడి ఉన్నా అది పురుగు వదల్లేదు. ఆఫీసరమ్మ బైనాక్యులర్స్ ఎత్తి, తలనుంచి తోకదాకా తీరిగ్గా చూసింది. ఎవరూ గట్టిగా ఊపిరి తీయలేదు, మామయ్య అయితే రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "పిల్లల కోసం ఎంత తెగించిందో చూడండి," అని గొణిగింది. పిచ్చుక వాళ్ళందరినీ చాలినంత దూరం లాక్కొచ్చాననుకుందో ఏమో, రెక్క టక్కున ముడుచుకుని గడ్డిలోకి జారిపోయింది.

"చూశాను," అంది ఆఫీసరమ్మ.

"నేనే ముందు చూశాను," అన్నాడు కాంట్రాక్టరు. అతని మొహం వెలిగిపోతోంది. అందరి వైపూ చూశాడు, ఎవరైనా భుజం తడతారేమోనని. మామయ్య తట్టాడు. ఆ తర్వాత కాంట్రాక్టరు చూపు గేటు దగ్గరున్న బుల్డోజరు మీద పడింది. కొంచెంసేపు అక్కడే ఉండిపోయింది.

"అంటే ఇప్పుడు," అన్నాడు మెల్లగా, "యార్డు..."

"ఇక్కడ కుదరదండీ," అంది ఆఫీసరమ్మ, మెత్తగానే. "ఊరికి అటువైపు రాళ్ళనేల ఖాళీగానే ఉందటగా. అక్కడ చూసుకోండి. ముందుగా గుర్తుపట్టింది మీరేనని రాస్తాను."

కాంట్రాక్టరు కాసేపు ఆలోచించాడు. "పేరు తప్పుల్లేకుండా రాయండి మేడమ్," అన్నాడు. గొడుగు తీసుకుని బుల్డోజరు డ్రైవరును పంపించడానికి వెళ్ళాడు, దుబ్బుకు దూరంగా, కాలివేళ్ళ మీద నడుచుకుంటూ.

పిట్టలాయన గడ్డిలో కూలబడ్డాడు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అక్క ఆయన చేతిలో పాల గ్లాసు పెట్టింది, ఎవరో ఒకరు తాగాలి కదా. ఆఫీసరమ్మ అక్కడే మోకాలి మీద కాగితం పెట్టుకుని ఉత్తరువు రాసింది. పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా మైదానంలోకి ఎవరూ అడుగు పెట్టకూడదు. గేటు దగ్గర కాపలా కాంట్రాక్టరు మనుషులది.

"నేను తప్ప కదండీ?" అన్నాడు పిట్టలాయన.

"అందరికంటే ముందు మీరే రాకూడదు," అంది ఆఫీసరమ్మ. "మీరొస్తే మీ వాళ్ళొస్తారు."

"మరి నేను పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి?"

"ఇంట్లో ఉండండి. బాగా అలిసిపోయారు, సెలవు నేను రాయిస్తాను."

బావ కారు తీశాడు, అద్దం చూశాడు, హారన్ కొట్టబోయి పిట్టలాయన మొహం చూసి మానేశాడు. వెనకసీట్లో అమ్మ పక్కకు జరిగి కొడుక్కి చోటిచ్చింది. తన కొలీగ్ కూతురొకతి ఉందని మామయ్య ముందుసీట్లోంచి అందుకోబోతే ఆవిడ వారించింది. పిల్లలకు రెక్కలొచ్చేదాకా వీడు ఇంట్లోనే ఉంటాడు కదరా, బోలెడు టైముంది, తొందరేముంది అంది.